చిన్నమ్మ పాటకు ఎవరూ చప్పట్లు కొట్టలేదు

మా చిన్నప్పుడు ఒకసారి చర్చి కాంపౌండులో దొంగలూ బిచ్చగాళ్లూ చేరి పాటలు పాడారు... నిజం దొంగలు కాదులెండి, మా డేవిడ్ సార్ వేయించిన నాటకం.

కొనకనమిట్ల దగ్గర చిన్న పల్లె మాది. అమ్మా నాయనా మిరపకాయ కోతలకు గుంటూరు వైపు పోతే నెలల తరబడి వచ్చేవాళ్లు కాదు. ఇంట్లో నేను, సలోమి చిన్నమ్మ... అంతే. అమ్మకు సొంత చెల్లెలు. పెళ్లయిన ఏడాదికే మొగుడు వదిలేసి పోతే మా ఇంటికి వచ్చేసింది.

చిన్నమ్మ పెద్దగా మాట్లాడేది కాదు, పాడేది. పొయ్యి ఊదుతూ, చాటలో బియ్యం చెరుగుతూ, నాకు జడేస్తూ... ఆ పాట వింటున్నంతసేపు అమ్మ దగ్గర లేదన్న సంగతి గుర్తొచ్చేది కాదు.

డేవిడ్ సార్ మా బడి పంతులు. ట్రైనింగుకని హైదరాబాదు పోయినప్పుడు ఎక్కడో ఒక జర్మనీ సినిమా చూసి వచ్చాడు. ముందు పాటల నాటకమంట, తర్వాత సినిమాగా తీశారంట. అందులో రాజుల్లేరు, దేవదూతల్లేరు. దొంగల నాయకుడు, బిచ్చగాళ్ల పెద్ద, లంచం తినే పోలీసు... అంతా అట్లాంటోళ్లే. మధ్యమధ్యలో కథ ఆపి జనం వైపు తిరిగి పాడతారంట. సార్‌కి అది తలకెక్కేసింది. ట్యూన్లు గుర్తున్నంత మేరకు చర్చి హార్మోనియం మీద పట్టుకుని, మాటలు తనే తెలుగులో కట్టాడు.

"ప్రతి ఏడూ బైబిల్ నాటకమే కదా వేసేది... దొంగల కథ ఏంది సార్, చర్చి ముందర?" అని సంఘ పెద్దలు అడ్డం పడ్డారు.

"యేసయ్యకు అటొకడు ఇటొకడు సిలువ మీద ఉండింది దొంగలే కదయ్యా!" అన్నాడు సార్. పెద్దలు ఒప్పుకున్నారు.

దొంగల నాయకుడి వేషం ఖాజా మామది. కొనకనమిట్లలో సైకిల్ షాపు ఆయనకి. గొంతు ఖంగుమనేది. మేం పిల్లలం మొహాలకు మసి పూసుకుని బిచ్చగాళ్లం. దొంగ పెళ్లాం వేషానికే ఆడమనిషి దొరకలేదు. సార్ వచ్చి చిన్నమ్మను అడిగాడు. మొగుడు వదిలేసినామె స్టేజీ ఎక్కితే ఊరు ఏమంటుందో ఆమెకు బాగా తెలుసు. అయినా ఒప్పుకుంది.

ఒకరోజు నాకు జడేస్తూ, "పాపా, పాట బాగుంటే వన్స్‌మోర్ అంటారు గదా... నాకు ఒక్కసారి అంటే చాలు" అనింది.

మా వైపు నాటకాల్లో అది రివాజు. జనానికి పాట నచ్చిందంటే చచ్చి పడున్న వేషగాడైనా లేచి మళ్లీ పాడాల్సిందే.

నాటకం రోజు పొద్దుగూకకముందే కాంపౌండు నిండిపోయింది. ఖాజా మామ పాటకు ఈలలే ఈలలు... వన్స్‌మోర్! మామ ఒక సలాం కొట్టి మళ్లీ అందుకున్నాడు. మా బిచ్చగాళ్ల గోలకు కూడా వన్స్‌మోర్ అన్నారంటే చూడండి.

తర్వాత చిన్నమ్మ వచ్చింది. మొగుణ్ణి ఉరి తీయబోతుంటే, వదిలేయండయ్యా అని అడిగే పాట. తెల్లచీర కొంగు తల మీదికి లాక్కుని, చేతులు కట్టుకుని, కళ్లు మూసుకుని పాడింది. నేను మసి మొహంతో స్టేజీ మూల కూర్చుని విన్నాను. ఆమె అడుగుతున్నది ఆ దొంగ కోసం కాదని అంత చిన్న వయసులో నాకే అర్థమైపోయింది...

పాట అయిపోయింది. చప్పట్లు లేవు. ఈల లేదు. జనమంతా తలలు దించుకుని కూర్చున్నారు. చిన్నమ్మ కళ్లు తెరిచి చూసింది. కాసేపు అట్లాగే నిలబడి, లోపలికి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చాక ఒక్కటే మాట అనింది. "మొగుడు వదిలేసిన ఆడది పాడితే తలెత్తి చూడను గూడా సిగ్గుపడినారు పాపా."

నేనూ అదే అనుకున్నాను. ఆ రోజు నుంచి చిన్నమ్మ పాడటం మానేసింది. పొయ్యి దగ్గర లేదు, చాట దగ్గర లేదు. జడేస్తుంటే దువ్వెన చప్పుడు తప్ప ఇంకేం వినపడేది కాదు. ఇంట్లో ఇద్దరం ఉన్నా, ఎవరూ లేనట్టే ఉండేది. ఆ తర్వాత ఆమె పని వెతుక్కుంటూ కురిచేడు పోయింది, నన్ను హాస్టల్లో వేశారు.

మొన్న ఒక చావుకని ఊరికి పోతే, మా చర్చిలో అందరికంటే పెద్దదైన మరియమ్మవ్వ కలిసింది. కళ్లు కనపడవు ఇప్పుడు. నా చెయ్యి పట్టుకుని, "మీ చిన్నమ్మ పాడతా ఉందా?" అని అడిగింది.

లేదవ్వా, ఎప్పుడో మానేసిందన్నాను.

"అయ్యో... ఆ పొద్దు అది కళ్లు మూసుకుని పాడతా ఉంటే మాకు అచ్చం ప్రార్థన మాదిరే ఉండె. ప్రార్థనకు ఎవురన్నా చప్పట్లు కొడతారా? అందరం తలలు వంచుకున్నాం."

అక్కడే నిలబడి చిన్నమ్మకు ఫోన్ చేసి చెప్పాను. అంతా విని, "ఆ పొద్దు ఎవరెవరు ఉండిరి పాపా?" అనింది. నాకు గుర్తున్న పేర్లు చెప్తూ పోయాను. ఒక్కో పేరుకు "పోయినాడు... పోయింది... ఆయనా పోయినాడు" అంటూ వచ్చింది. చివరికి, "వాళ్లు ఉన్నప్పుడు ఒక్కరన్నా చెప్పింటే..." అని ఫోన్ పెట్టేసింది.

ఆ జర్మనీ సినిమా ఇప్పుడు ఫోన్‌లోనే దొరుకుతోంది. హైదరాబాదులో నా రూములో ఒక్కదాన్నే కూర్చుని మొత్తం చూశాను. భాష ఒక్క ముక్క అర్థం కాలేదు. ఖాజా మామ పాట ట్యూను వినపడగానే ఏడుపొచ్చింది. చిన్నమ్మ పాట కోసం చివరిదాకా చూశాను... అది అందులో లేనే లేదు. సార్ ఆమె గొంతు విని, ఆమె కోసమే కట్టినట్టున్నాడు. అడుగుదామంటే ఆయన కూడా లేడు.

ఇప్పుడు ఎవరు ఏం పాడినా నిమిషంలో వందమంది బాగుందంటారు. అప్పట్లో బాగుందని నోటితో చెప్పడం మావాళ్లకు చేతకాలేదు. మీ ఇళ్లల్లోనూ పాడటం మానేసినవాళ్లు ఉంటే వాళ్ల గురించి కింద రాయండి... అంతకంటే ముందు, వాళ్లకు ఒక ఫోన్ చేయండి.

చిన్నమ్మ ఆ పాట మరిచిపోయానంటుంది. నాకు మొదటి ముక్క తప్ప గుర్తులేదు.