పెళ్లికూతురి జుట్టు, నూట ఇరవై వోల్టులు

రేపల్లెలో మా అక్క బ్యూటీ పార్లర్ నడుపుతుంది. ఎలక్ట్రికల్ చదివినవాణ్ని కదా అని ఒకరోజు నన్ను పిలిస్తే తెనాలి నుంచి రైల్లో వెళ్లాను. సాయంత్రం పెళ్లి. పెళ్లికూతురు ఉంగరాల జుట్టు విరబోసుకుని కూర్చుంది. ఆ జుట్టును సాపు చేసే మిషన్‌ను వాళ్ల బంధువులెవరో అమెరికా నుంచి తెచ్చారు. దాని బల్లపరుపు పిన్నులు మన సాకెట్‌లో పట్టవని అక్క ఒక అడాప్టర్ కొని తగిలించింది.

మిషన్ మీద 120 వోల్టులని ఉంది. మన ఇళ్లకు వచ్చేది 230.

"వద్దక్కా, కాలిపోతుంది. అడాప్టర్ పిన్నుల ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజీని కాదు."

"దూరింది కదరా, ఇంకేంటి?"

"మొదటి విషయం, దూరడం వేరు, సరిపడటం వేరు. రెండోది..."

"అమెరికా సరుకు బాబూ, మనవాటికంటే గట్టిగానే ఉంటుంది," అన్నారు పెళ్లికూతురి తల్లి.

రెండోది ఎవరూ వినలేదు. కనీసం తల మీద కాకుండా వేరే దేనిమీదైనా చూడమని బతిమాలాను. అక్క విసుక్కుంటూ, జడలో కలపడానికి తెచ్చిన సవరాన్ని మిషన్ మధ్య పెట్టి స్విచ్ వేసింది. కాసేపట్లోనే పొగ లేచింది. నేను స్విచ్ కట్టేసేలోగా సవరం సగానికి తెగి నేలమీద పడింది. గదంతా కమురు కంపు.

పెళ్లికూతురు రెండు చేతులతో జుట్టు పట్టుకుని లేచింది. "నాకు ఉంగరాలే బావున్నాయండి!"

వాళ్లమ్మ నావైపు తిరిగారు.

"పక్కనే ఉన్నావు కదా బాబూ, ముందే చెప్పొద్దూ!"