కౌంటర్ మెషీన్‌లో రెండో పైథాన్

కరోనా గొడవ సద్దుమణిగిన ఏడాది వానాకాలంలో సీతాఫల్‌మండిలోని ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో నేను సీనియర్ సిస్టమ్స్ అసిస్టెంట్‌గా చేరాను. పేరుకే సీనియర్. నా పైన సిస్టమ్స్ మేనేజర్ మూర్తి గారు ఉండేవారు. ఆయనవి పెద్ద డిగ్రీలు. నేను ఇంటర్‌తో ఆపేసి, మిగతాదంతా పుస్తకాలు ముందేసుకుని సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. ఈ తేడాను ఆయన మర్చిపోలేదు, నన్నూ మర్చిపోనివ్వలేదు.

చేరిన కొద్ది రోజులకే రిజిస్ట్రేషన్ కౌంటర్ గుమస్తా యాదగిరికి మెమో తయారవుతోందని తెలిసింది. పరగడుపున రక్తపరీక్షకు వచ్చినవాళ్లు పొద్దున్నే వరసకట్టేవారు. యాదగిరి స్క్రీన్ మాత్రం ఎంతకీ తెరుచుకునేది కాదు. అతను ఆలస్యంగా వచ్చి నెపం మెషీన్ మీదికి నెడుతున్నాడని మూర్తి గారి తీర్మానం. యాదగిరి మీద అప్పటికే ఒక మెమో ఉంది. రెండోది పడితే ఇంటికి పంపడమే.

నేనూ అతన్ని అనుమానించాను. అందుకే మర్నాడు షటర్ ఎత్తకముందే వెళ్లాను. అతను మౌలాలి నుంచి వచ్చి అప్పటికే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. లోపలికి రాగానే కంప్యూటర్ ఆన్ చేసి, రిజిస్ట్రేషన్ ప్రోగ్రాం బొమ్మ మీద నొక్కాడు. తెల్లటి కిటికీ వచ్చి అలాగే నిలిచిపోయింది.

వరసలో ముందున్న పెద్దావిడ, "ఏంది బిడ్డా, పొద్దటి సంది మాకే ఉపాసమనుకున్న. నీ డబ్బకు సుత ఉపాసమేనా?" అంది. అందరూ నవ్వారు. యాదగిరి నవ్వలేదు. "చూస్తున్నరు గద సార్, రోజూ గిదే పరేషాన్. మూర్తి సారుకు చెప్తే నాదే తప్పంటడు," అన్నాడు.

అనుమానం అతని మీదినుంచి లేచి, ఆ ప్రోగ్రాం అమ్మిన కంపెనీ మీద వాలింది. మెషీన్లు పాతబడ్డాయి, తీసేసి కొత్తవి తమ దగ్గర కొనండని వాళ్లు అప్పటికే పోరుతున్నారు.

ఇక్కడ పనితీరు కొంచెం చెప్పాలి. ఆ ప్రోగ్రాం పైథాన్ అనే భాషలో రాసింది. అందులోని భాగాలను మాడ్యూళ్లంటారు. అవి మనం చదవగలిగే అక్షరాల్లో ఉంటాయి. నడిచే ముందు పైథాన్ వాటిని తనకు అనువైన రూపంలోకి మార్చుకుని, పక్కనే ఒక ఫోల్డర్‌లో దాచుకుంటుంది. రెండోసారి ఆ దాచిందే వాడుతుంది. దాచే వీలు లేకపోతే ప్రతిసారీ మొదటినుంచి మార్చుకోవాలి, అందుకే ఆలస్యం. ఇక్కడా అదే జరుగుతోందేమో అనిపించింది. దీనికి మందు, పూర్తి హక్కులున్న లాగిన్‌తో అన్ని మాడ్యూళ్లనూ ఒకేసారి ముందుగా అలా మార్చి, అంటే కంపైల్ చేసి పెట్టడం. ఆ పని చేయాలంటే పైథాన్ ఏ ఫోల్డర్‌లో ఉందో తెలియాలి.

కంపెనీ ఇంజనీర్ కిరణ్‌కు ఫోన్ చేశాను. "అంకుల్, సీ డ్రైవ్‌ల ఉంటది చూడుండ్రి. ఒక్కటే గద!" అన్నాడు. నేనతనికి ఎప్పటినుంచి అంకుల్ అయ్యానో తెలియదు. ఆదేశాలు టైపు చేసే కమాండ్ విండోలో పైథాన్‌నే అడిగితే అదీ సీ డ్రైవే చూపించింది. అక్కడున్నవన్నీ కంపైల్ చేశాను. మర్నాడు పొద్దున అదే తెల్ల కిటికీ.

"ప్రతిదానికీ కంపెనీవాళ్లను అనుమానిస్తే ఎలాగండీ? మనిషిని మార్చేస్తే సరిపోతుంది," అన్నారు మూర్తి గారు. సాయంత్రానికి మెమో మీద సంతకం పెడతానని కూడా చెప్పారు.

నాకు ఒళ్లు మండింది. ఒకడు ఒక్కటే ఉంటుందని గట్టిగా చెప్పాడంటే, రెండోది ఉందేమోనని వెతకడం నా అలవాటు. యాదగిరిని లేపి అతని కుర్చీలో, అతని లాగిన్‌లోనే కూర్చున్నాను. అతను రోజూ నొక్కే బొమ్మ ప్రాపర్టీస్ తెరిచాను. దాని వెనక నడుస్తున్న పైథాన్ డీ డ్రైవ్‌లో, కంపెనీ ఫోల్డర్ అడుగున ఉంది. వెర్షనే వేరు. కొత్త వెర్షన్ ప్రోగ్రాంతో పాటు వాళ్లు తమ సొంత పైథాన్ తెచ్చుకుని పెట్టారు, మాకు చెప్పలేదు. ఒక్క మాడ్యూల్ కూడా కంపైలై లేదు. నేను కమాండ్ విండోలో అడిగిన ప్రశ్నకు సరైన జవాబే వచ్చింది. కాకపోతే అది మరో పైథాన్ ఇచ్చిన జవాబు.

దాచుకోవడానికి అడ్డేమిటో కూడా అక్కడే దొరికింది. కౌంటర్ లాగిన్‌లకు ఏ ప్రోగ్రాం ఫోల్డర్‌లోనూ కొత్త ఫైలు రాసే హక్కు లేదు. ఆడిట్ వచ్చినప్పుడు ఆ హక్కు తీసేయమని ఆర్డర్ ఇచ్చింది మూర్తి గారే.

అడ్మిన్ లాగిన్‌తో డీ డ్రైవ్‌లోని మాడ్యూళ్లన్నీ కంపైల్ చేసి, యాదగిరిని మళ్లీ కూర్చోబెట్టాను. బొమ్మ నొక్కాడు. స్క్రీన్ వెంటనే తెరుచుకుంది. "గింతేనా సార్?" అన్నాడు.

కిరణ్‌ను నిలదీస్తే, మీవాళ్లు పైథాన్ మార్చినా మా ప్రోగ్రాం ఆగకూడదని అలా పెట్టామన్నాడు. అందరూ చేసేదే, నిజమే. మరి ఒక్కటే అని ఎందుకు చెప్పాడు? కావాలనే చెప్పాడని నేను రుజువు చేయలేను. కాదని అతనూ రుజువు చేయలేకపోయాడు.

ఆర్డర్ సంగతి రిపోర్టులో వద్దని మూర్తి గారు సూచించారు. "పనైపోయిందిగా, ఇంకా ఎందుకండీ?" అన్నారు. మెమో ఇంకా ఆయన టేబుల్ మీదే ఉంది. నేను ఆర్డర్‌తో సహా అంతా రాసి, ఒక ప్రతి డైరెక్టర్ గారికి కూడా పంపాను. యాదగిరి ఉద్యోగం నిలిచింది. నా కుర్చీని స్టోర్ గదిలోకి మార్చారు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను ఒక క్రమం పాటించాను. మెషీన్ నెమ్మదిగా ఉందని ఫిర్యాదు వస్తే, ఇబ్బంది పడుతున్నవాడి లాగిన్‌లోనే కూర్చుని, నిజంగా ఏది నడుస్తోందో, దానికి రాసే హక్కు ఉందో లేదో చూసేవాణ్ణి. ఆ తర్వాత ఆ హక్కు తీసేసినవాళ్ల గురించి ఆరా తీసేవాణ్ణి. కౌంటర్‌లో కూర్చున్నవాణ్ణి అనుమానించడం అన్నిటికన్నా చివర.