నేను వేసిన తేదీ

ఈరోజు మధ్యాహ్నం అన్నం బాక్సు మూత తీస్తుండగా, భర్త మరణం రాయించడానికి అడవి ఊరి నుంచి ఒకామె మా పంచాయతీ ఆఫీసుకు వచ్చింది. ఏ తేదీన పోయాడని అడిగాను.

"తేదీ ఎర్కలేదు సారూ. తొలిసారి పత్తి ఏరినంక నాలుగు దినాలకు పోయిండు."

ఆకలి మీదున్నాను. క్యాలెండర్‌లో వేలికి తగిలిన తేదీ ఒకటి రిజిస్టర్‌లో రాసేశాను.

"ఏం తేదీ రాసినవో జర చెప్పు సారూ. నాకు సదువు రాదు. ఏటా గా దినమే ఆయనకు బువ్వ పెట్టుకుంట."

చెప్పాను. మరిచిపోతానేమోనని ఆమె మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాను. ఆ తేదీనే వల్లె వేసుకుంటూ మెట్లు దిగి వెళ్లిపోయింది.

బాక్సు ముట్టకుండానే ఇంటికి తెచ్చాను. వెనక్కి పిలవనందుకు మీరెంత తిట్టినా పడతాను.