నిండు బొమ్మ ఉన్న చోటు

వీసీడీలు కొత్తగా వచ్చిన రోజుల్లో, మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా మేము చేసే ప్రచారానికి పార్వతీపురం నుంచి ఒక ఆపరేటర్ వచ్చేవాడు. డిస్కులో ప్రతి బొమ్మా పూర్తిగా ఉండదని, అక్కడక్కడ ఒక నిండు బొమ్మ, దాని తర్వాత వచ్చేవాటిలో మారినంత మేరే ఉంటుందని నాకు చెప్పింది అతనే. నిండు బొమ్మలు వచ్చే నిమిషాలను కవరు మీద పెన్సిలుతో రాసుకునేవాడు.

అరకు దాటాక ఒక కొండ ఊరి బడిలో, కిటికీలకు దుప్పట్లు కట్టి టీవీ పెట్టాం. బయట మంచు. టీవీ వెలుగులో ముఖాలు నీళ్ళలో తేలుతున్నట్టున్నాయి. ఆ ఊళ్ళోనే జ్వరంతో కూతురిని పోగొట్టుకున్న ఒక తండ్రి, పక్కింటి ముసలామె చిల్లంగి అనే చేతబడి పెట్టిందని ఆమెను ఊరు వదిలి పొమ్మంటున్నాడు. అందుకు రుజువంటూ ఆమె గడప కింద భూతవైద్యుడు ఎముక తవ్వి తీయడం కిందటి వారం మేము కెమెరాలో పట్టి, డిస్కుకు ఎక్కించాం. అది చూపించాలన్న తొందరలో నేను రిమోటు నొక్కి మధ్యకు దూకాను. బొమ్మలో ముసలామె ముఖం గళ్ళుగళ్ళుగా విరిగి, పొగలా కరిగింది.

"సూసినారా! బొమ్మకి కూడా చిల్లంగి ఎట్టేసింది!" అని తండ్రి అరిచాడు.

"ఏటి మేష్టారూ, అంత బేగి దేనికి? నిండు బొమ్మ కాడికి ఎనక్కెల్లాల," అంటూ ఆపరేటర్ కవరు చూసి నొక్కాడు. బొమ్మ తేటపడింది. తవ్వకముందే భూతవైద్యుడు మొలలోంచి ఎముకను గుప్పిట్లోకి జార్చుకోవడం అందరికీ కనబడింది.

నేను ఉపన్యాసానికి లేచాను. ఆపరేటర్ నా చొక్కా పట్టి లాగాడు.

"కూకోండి. ఆల్లని సూడనియ్యండి."

తండ్రి ఆ ముక్కను మూడుసార్లు వేయించుకుని చూశాడు. తర్వాత వెనక మూలన కూర్చున్న ముసలామె దగ్గరకు వెళ్ళి, తలెత్తకుండా అన్నాడు: "అత్తా, ఇంటికెల్దాం పద."