ఒకే వరుసలో రెండు బంట్లు

మినోబె తత్సుజో గురించి అడిగితే మా బజారువీధిలో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. ఒసాకాలో మా పేట షోగి, అదే జపాను చదరంగం, క్లబ్బును, నా మగడు పోయిన దగ్గర్నుంచి, నడుపుతున్నది నేను. కాబట్టి నా మాట వినండి.

అతను గొడుగులు కట్టేవాడి కొడుకు. షోగి ఆటే బతుకుతెరువు చేసుకోవాలని చిన్నప్పుడే ఒక పెద్ద గురువు ఇంట్లో చేరాడు. నేల తుడిచాడు, చెప్పులు సర్దాడు, తిట్లు తిన్నాడు. పెట్టిన వయసు దాటేలోగా పై మెట్టు ఎక్కనివాళ్లని ఇంటికి పంపేస్తారు. ఇతన్నీ పంపేశారు. తర్వాత ట్రాము నడిపాడు, ఆదివారాలు మా క్లబ్బులో ఆట నేర్పాడు. మంగలి, స్నానశాల యజమాని, చేపల కొట్టు నిషిగాకి, అందరూ అతని శిష్యులే. ఎవరైనా పిచ్చి ఎత్తు వేస్తే "ఇది ఎత్తా, తుమ్మా?" అనేవాడు. ఆ నోటికి భయపడే చాలామంది బాగా ఆడారు.

మొన్న వసంతంలో పేట పోటీ జరిగింది. చివరి ఆట మినోబెకీ నిషిగాకికీ పడింది. నిషిగాకి తల నెరిసింది కానీ గురువుతో సరిసమానంగా, ఏ తగ్గింపూ లేకుండా ఆడి ఒక్కసారీ గెలవలేదు.

"గురువుగారూ, ఈసారి కాస్త కనికరించండి."

"ముందు నువ్వు చేపల మీద కనికరం చూపించు, తర్వాత చూద్దాం."

అందరూ నవ్వారు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. నిషిగాకి అద్భుతంగా ఆడుతున్నాడు, మినోబె మెడ మీద చెమట పట్టింది. నేను టీ కప్పులు పెడుతున్నాను. అప్పుడే అతను, తాను గెలుచుకున్న బంటు ఒకటి తీసి టక్కుమని బల్ల మీద దించాడు. మా ఆటలో ఎదుటివాడి దగ్గర గెలిచిన పావును తన పావుగా మళ్లీ దించొచ్చు. ఆ నిలువు వరుసలో అతని బంటు అప్పటికే ఒకటి ఉంది. కానీ ఒకే వరుసలో తన బంట్లు రెండు పెట్టినవాడికి ఇంక ఆడేదేమీ ఉండదు, అక్కడికక్కడే ఓడినట్టు. నిన్నగాక మొన్న నేర్చుకున్నవాళ్లు చేసే పొరపాటు అది.

చుట్టూ ఉన్నవాళ్లు ఊపిరి బిగపట్టారు. చూసేవాళ్లు మాట్లాడకూడదన్నది మా క్లబ్బు కట్టడి. నిషిగాకి కళ్లు ఆ బంటు మీద ఆగాయి. అది నేను చూశాను. తర్వాత అతను సంబంధం లేని మూల ఒక పావు జరిపాడు. ఇంకొన్ని ఎత్తులకే తల వంచి, "ఓడిపోయాను, గురువుగారూ" అన్నాడు.

మినోబె చెవులు ఎర్రబడ్డాయి. అయినా "బాగా ఆడావు" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

జనం చప్పట్లు కొట్టారు, అవసరమైనదానికన్నా గట్టిగా. అందరూ వెళ్లాక అతను పావులు పెట్టెలో వేస్తూ, తలెత్తకుండా అడిగాడు.

"సుతె, చూశావా?"

"కళ్లున్నాయిగా, చూశాను."

"అందరూ చూశారా?"

"గోడ మీది గడియారం చూసిందో లేదో నాకు తెలీదు."

"మరి ఎవరూ చెప్పలేదేం?"

"నువ్వు చెబుతావని కూర్చున్నారు."

ఆ తర్వాత ఆదివారాలు అతను రాలేదు. నడుం నొప్పి అని కబురు పంపాడు. నిషిగాకి మాత్రం వచ్చి, ఖాళీ చోటు చూసి, ఆడకుండానే వెళ్లిపోయేవాడు. చివరికి నేనే ముల్లంగి ఉడికించి పట్టుకుని మినోబె ఇంటికి వెళ్లాను. నడుం నిటారుగానే ఉంది. కడిగిన కప్పునే మళ్లీ కడుగుతున్నాడు.

"వేలు తీయగానే తెలిసిపోయింది," అన్నాడు. "నోటిదాకా వచ్చింది, సుతె. వాడి ముఖం చూశాను. వీడు చూడకపోతే బాగుండునని కోరుకున్నాను. నా శిష్యుడు గుడ్డివాడైతే బాగుండునని."

"పొరపాటంటావా, వయసు చేయించింది. నోరు మూసుకోమని ఎవరు చెప్పారు?"

అతను ఆ కప్పే మళ్లీ అందుకోబోతే నేను లాక్కున్నాను.

"చెప్పులు వేసుకో."

చేపల కొట్టు దగ్గర సాయంత్రపు రద్దీ. నిషిగాకి కత్తితో సాల్మన్ కోస్తున్నాడు. మినోబె ఆడవాళ్ల బుట్టల మధ్యనుంచి ముందుకు వెళ్లి, నడుం వంచి, "ఆ రోజు నేను ఓడిపోయాను. చెప్పలేదు," అన్నాడు.

"ఏం ఓడాడు, పందెమా?" అని ఒకావిడ పక్కావిడను అడిగింది.

నిషిగాకి కత్తి పక్కన పెట్టి తడి నేల మీద మోకాళ్లూనాడు. "నేను చూశాను గురువుగారూ. చూడనట్టు ఉన్నాను. క్షమించండి."

"లే. ఓడినవాణ్ణి నేను, నువ్వు వంగుతావేం? ఎందుకు చెప్పలేదు?"

"మిమ్మల్ని గెలవాలని నా చిన్నప్పటి నుంచీ ఉంది. అలా కాదు."

నా తిట్లకన్నా ఈ మాటే మినోబెకి గట్టిగా తగిలింది. అలాంటి గెలుపు వద్దని శిష్యుడు వదిలేశాడు. తాను దాన్ని జేబులో వేసుకున్నాడు. అదే ఆ మొహం మీద ఉంది.

"ఇకనుంచి నా తప్పు కనిపిస్తే నోరు విప్పు," అన్నాడు చివరికి.

"విప్పుతాను."

తిరిగొస్తూ, "ఇంక నేర్పడం మానేస్తాను," అన్నాడు నాతో.

"నేర్పమని ఎవరడిగారు? వచ్చి ఆడు. ఓడితే ఓడానని చెప్పు."

ఎప్పుడూ నాకు నాలుగడుగులు ముందు నడిచే మనిషి ఆ రోజు వెనక నడిచాడు. బజారంతా, పలకరించినవాళ్లకీ పలకరించనివాళ్లకీ తల వంచుతూనే వచ్చాడు.