వాగులో మంత్రిగారి రాళ్లు

శామీర్‌పేటలో రాళ్లు చెక్కే దుకాణం నాది. సమాధి రాళ్లు, ఇంటి పేరు పలకలు, శంకుస్థాపన రాళ్లు చెక్కుతాను. మా నాయకుడి ఎదుగుదల అందరూ పేపర్లో చదివారు. నేను ఉలి పట్టుకుని అక్షరం అక్షరం చెక్కాను.

మొదటి రాయి నాటికి ఆయన మా ఊరి సర్పంచ్. ఊరికీ రోడ్డుకూ మధ్య ఉన్న వాగు మీద కల్వర్టుకు శంకుస్థాపన పెట్టారు. రాయి మీద ఆయన పేరు అందరికన్నా కింద. ముందురోజు దుకాణానికొచ్చి గడ్డం పట్టుకున్నంత పని చేశాడు.

"అన్నా, నా పేరు జెర పెద్దగ కొట్టు."

కొట్టాను. కల్వర్టు మాత్రం రాలేదు.

ఎమ్మెల్యే అయ్యాక అదే కల్వర్టుకు రెండో రాయి. ఆయన పేరు పైకెక్కింది, నేను "తమ్మీ"నయ్యాను. ఆయనకంటే ఏడేళ్లు పెద్దవాణ్ని. మంత్రి అయ్యాక మూడో రాయి. ఈసారి మొదటి వరుసే ఆయనది, ముందు "గౌరవనీయులు" అని తగిలించి. నాతో మాట్లాడింది పీఏ.

ఈలోగా తడిసింది నా భార్య కాళ్లు. ఆమె తుర్కపల్లిలో ఒక ల్యాబులో గాజుసామాను కడుగుతుంది. కంపెనీ క్యాబ్ వాగు అవతలే ఆగుతుంది. వానాకాలమంతా చెప్పులు చేతబట్టుకుని నీళ్లలోకి దిగడమే. ఒకరోజు జారి నీళ్లలో పడింది. తడిబట్టలతో క్యాబ్ ఎక్కనివ్వలేదు. ఇంటికొచ్చి నా మీద విరుచుకుపడింది.

"గాయిన పేరు చెక్కుడే గాని, నీ రాళ్లతోని ఏమన్న ఫాయిదా ఉన్నదా? తీస్కపోయి వాగుల ఎయ్యి. దాటనన్న దాటుత."

నిజం చెప్పొద్దూ, సిగ్గేసింది. గట్టు మీద మూడు రాళ్లూ అప్పటికే ఒరిగిపోయి ఉన్నాయి. ఆదివారం ఇద్దరం గడ్డపారతో పెకిలించి, కింద బండలు పేర్చి, వాగులో వరుసగా వేశాం. మర్యాదగా ఉంటుందని పేర్లు కిందికి తిప్పబోయాను.

"మీదికే ఉండనియ్. అక్షరాలుంటే కాలు జారది," అంది.

ఊరి వైపు ఇంకా ఒక అంగ దూకాల్సి వచ్చేది. అయినా ఆ నెలంతా ఆమె కాళ్లు తడవలేదు.

ఎన్నికలొచ్చాయి. మంత్రిగారు కారు రోడ్డు మీద ఆపి, ఆ రాళ్ల మీదుగానే ఊళ్లోకి నడిచొచ్చారు. పేరు వాగులో పడేశానని తిడతారనుకున్నాను. ఆయన వంగి మూడు రాళ్లూ చదివారు. చివర్లో పంచె ఎత్తుకుని దూకారు. వెంట ఉన్నవాళ్ల వైపు తిరిగి, "చూసిన్రా, జెప్పిన పని జేసిన. పేరు గూడ ఉన్నది," అన్నారు. తర్వాత నా భుజం మీద చెయ్యేశారు.

"అన్నా, ఇగ ప్రారంభోత్సవం రాయి ఒకటి కొట్టు. జల్దీ."

నాకు ఒళ్లు మండిపోయింది. అంటే కల్వర్టు ఇక రాదన్నమాట. నేను నోరు తెరిచేలోపు నా భార్య అందుకుంది.

"కొడ్తడు సారూ. మాకు గూడ ఇంకొక్క రాయే తక్కువున్నది."

ఆయన నవ్వి, దండం పెట్టి వెళ్లిపోయారు. రాయి చెక్కాను. కొలత మాత్రం పీఏని కాదు, ఆమెనే అడిగాను.