న్యూట్రల్‌లో పెట్టి వెళ్ళండి

ఆ వీధిలో తొమ్మిది కార్లు పట్టే చోట పదకొండు పట్టించే మనిషి ఒకడున్నాడు. ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరు ఏమిటో వీధికి అక్కర్లేకపోయింది. వెనక్కి వచ్చే ప్రతి కారుకూ ఎదురు నిలబడి "రానీ, రానీ, ఇంకొంచెం, ఇంకొంచెం" అంటాడు గనుక అందరూ అతన్ని ఇంకొంచెం అనే పిలుస్తారు. జిరాక్సు షాపు అమ్మాయి మాత్రం కాస్త మర్యాద కలిపి ఇంకొంచెం మావయ్యా అంటుంది.

అతని కిటుకు ఒకటే. కారు ఆపినవాళ్ళను గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు వెయ్యకుండా వెళ్ళమంటాడు. వీధి బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి బండి ఎటూ జారిపోదు. ఎవరైనా బయటికి పోవాలన్నా, కొత్తవాళ్ళు వరసలో దూరాలన్నా డిక్కీ మీద రెండు చేతులూ ఆనించి, భుజం వంచి, మిగతా కార్లను ముందుకో వెనక్కో తోసి సందు చేస్తాడు. తాళంచెవి తీసేశాక స్టీరింగు బిగుసుకుపోతుంది. బండి తిన్నగా పోవడమే తప్ప పక్కకు తిరగదు. అందుకే ఓనరు దిగకముందే వంగి చక్రాలు నిటారుగా ఉన్నాయో లేదో చూసుకుంటాడు. గోదాములో పెట్టెలు మోసి మోసి నడుము పట్టేశాక ఈ వీధి దొరికింది. తొమ్మిదేళ్ళయింది. చేతిలో రసీదు పుస్తకం లేదు, ఒంటి మీద యూనిఫారం లేదు, మెడలో ఈల ఒక్కటే. షాపులవాళ్ళు సరేనన్నారు కాబట్టి ఉన్నాడు. వద్దన్న రోజున లేడు.

ఆ రోజు దగ్గరికొచ్చినట్టే అయింది మొన్న సోమవారం. ఒకాయన హ్యాండ్‌బ్రేకు బిగించి పళ్ళ డాక్టరు దగ్గరికి పోయాడు. వరసంతా బిగుసుకుపోయింది. మధ్యలో ఇరుక్కున్న టీచరమ్మ బడికి ఆలస్యమవుతోందని ఏడుపు మొహం పెట్టింది. ఆయన గంట తర్వాత బుగ్గ పట్టుకుని తీరిగ్గా వచ్చి "రోడ్డేమైనా నీ బాబుదా?" అన్నాడు. ఇంకొంచెం మాత్రం తక్కువ తిన్నాడా?

"మా బాబుదైతే మిమ్మల్ని రానిస్తానా?" అనేశాడు.

అంతే, ఫిర్యాదు వెళ్ళింది. మందుల షాపాయనే షాపులవాళ్ళ సంఘానికి పెద్ద. మెత్తగానే చెప్పాడు. "చూడు, ఇంకొక్క ఫిర్యాదు వచ్చిందంటే యూనిఫారం వేసిన సెక్యూరిటీ వాణ్ణి పెట్టుకుంటాం. ఆపైన నన్ను అనుకుని లాభం లేదు."

అతని భార్య ఇంట్లోనే చొక్కాలకు కాలర్లు కుడుతుంది. ఒకటే గది. మంచానికీ మిషనుకూ మధ్య మనిషి పక్కకు తిరిగితే గానీ పట్టడు. ఇంటిదగ్గర మాత్రం ఈ పార్కింగాయన విద్య పనిచేయలేదని ఆవిడ వేళాకోళం. ఆ రోజు వేళాకోళం మానేసి మిషను ఆపింది.

"నీ నోటికి తాళం వెయ్యవయ్యా. ఎవరేమన్నా ఊఁ అను, ఊరుకో."

"ఊరుకుంటే లోపల ఉడుకుతుందే."

"ఉడికితే కార్లతో చెప్పుకో. అవి పోయి ఫిర్యాదు చెయ్యవుగా."

ఆవిడ నవ్వులాటకే అంది. అతను నిజంగానే పట్టుకున్నాడు. మంగళవారమంతా తోసిన ప్రతి కారుకూ ఏదో ఒకటి చెప్పుకున్నాడు. సాయంత్రానికి కడుపులో బరువు దిగినట్టయి, ఇంటికొచ్చి రెండుసార్లు వడ్డించుకున్నాడు కూడా.

బుధవారం పదకొండు గంటలకు నీలంరంగు పెద్ద కారు వచ్చింది. అద్దాలకు నల్ల కాగితం. దాని యజమాని ప్రతి బుధవారం బ్యాంకుకు వస్తాడు. ఎక్కడ పెట్టాలో చెప్పబోతే వినడు, మొహం ఎత్తడు, ఈగను తోలినట్టు చెయ్యి విదిలించి పోతాడు. ఆ రోజూ అలవాటుగా న్యూట్రల్‌లో వదిలేసి, చెయ్యి విదిలించి పోయాడు. వెనకాల ఇంకో కారుకు చోటు కావాల్సి వచ్చింది. ఇంకొంచెం నీలం కారు డిక్కీకి చేతులానించి నాలుగడుగులు తోస్తూ మొదలుపెట్టాడు.

"పద తల్లీ, పద. నువ్వు బంగారు తల్లివి, నీ ఓనరే వేరు. ఏడేళ్ళ నుంచి చూస్తున్నాను, నాకు ముక్కుందో లేదో ఆయనకు తెలీదు. నీ మీద సన్నగీత పడితే మాత్రం ఎక్కడున్నా వెతికి పట్టుకుంటాడు. ఎండ పడకుండా నిన్ను చెట్టు కిందికి జరిపింది నేను కాదూ? పోలీసు వస్తే పరిగెత్తేది నేను, నువ్వా? ఒక్కసారి, ఒకే ఒక్కసారి, 'ఎక్కడ పెట్టమంటావ్' అంటే ఆయన సొమ్మేం పోయింది?"

"ఏమీ పోదు" అంది కారు.

అతను ఉలిక్కిపడ్డాడు. చేతులు డిక్కీ మీదే ఉండిపోయాయి. ధైర్యం చేసి ముందుకెళ్ళి చూశాడు. వెనకసీటు అద్దం జానెడు దించి ఉంది. లోపల తెల్లజుట్టు ముసలావిడ, ఒళ్ళో చేతికర్ర.

 మనిషున్న కారును తోశాడు. తోసి ఊరుకున్నాడా, ఆ మనిషి వింటుండగానే ఓనరును కడిగిపారేశాడు. ఇక ఈల తీసి మందుల షాపు బల్ల మీద పెట్టెయ్యడమే మిగిలిందనుకున్నాడు.

"అమ్మగారూ, తప్పయిపోయింది. ఎవరూ లేరనుకున్నాను."

"ఆ చెయ్యి విదిలింపు వాడి పదేళ్ళప్పుడు మొదలైంది నాయనా. బడి గేటు దాకా దిగబెడితే నాకూ అదే. ఎవరైనా చూస్తారని సిగ్గు." ఆవిడ కర్రతో అద్దం మీద తట్టింది. "అది సరే, నన్ను తెచ్చి ఎక్కడ పెట్టావ్? ఇందాక మనుషులు కనిపించేవాళ్ళు. ఇక్కడ గోడ తప్ప ఏముంది?"

నిజమే. నాలుగడుగులు జరిగేసరికి కారు బ్యాంకు ప్రహరీ పక్కకు వచ్చింది.

"ఐదు నిమిషాలంటాడు, గంట చేస్తాడు. మోకాళ్ళు రానివ్వవు, దిగలేను. వారమంతా ఇంట్లో గోడ, బుధవారం ఇక్కడ గోడ. ఇంకాస్త తొయ్యరాదూ?"

అతను బ్యాంకు తలుపు వైపు చూశాడు. వరసలో ముందరి మూడు కార్లు అప్పుడే వెళ్ళిపోయాయి, దారి ఖాళీగా ఉంది. తొయ్యకూడదని తెలుసు. పెట్టినచోట కారు లేకపోతే కొడుకు వీధంతా రచ్చ చేసేస్తాడనీ తెలుసు. కానీ ఏమీ కనబడని చోట గంటసేపు కూర్చోవడమంటే ఏమిటో గోదాములో ఎనిమిదేళ్ళు పనిచేసిన మనిషికి ఒకరు చెప్పాలా. మళ్ళీ భుజం వంచాడు.

పళ్ళబండి ఎదుట ఆపితే ఆవిడకు నచ్చలేదు. "ఇంకొంచెం" అంది. అతనికి నవ్వొచ్చింది. జిరాక్సు షాపు దాటి, చెప్పులు కుట్టే ఆయన్నీ పళ్ళబండినీ ఒకేసారి చూడగలిగే చోట ఆగమంది. ఆగాక ప్రశ్నలు మొదలుపెట్టింది. ఆ పళ్ళావిడకు పిల్లలెంతమంది, ఆ ఎర్రకారు ఎవరిది, పళ్ళ డాక్టరు మంచివాడేనా. అతను డిక్కీకి ఆనుకుని ఒక్కొక్కటే చెబుతూ ఉన్నాడు. తొమ్మిదేళ్ళుగా చూసినదంతా ఇన్నాళ్ళకు ఒకరికి పనికొచ్చింది.

అంతలో బ్యాంకు దగ్గర కేక వినిపించింది. "కారేది? మా అమ్మేది?"

మధ్యలో పార్సిళ్ళ వ్యాను అడ్డం ఉండటంతో కొడుక్కి ఇటువైపు కనబడలేదు. మొహాన నెత్తురుచుక్క లేదు. మందుల షాపాయన బయటికొచ్చి, ఇంకొంచెం కోసం చూస్తూ ఆయన వెంట నడిచాడు. వ్యాను దాటి ఇద్దరూ ఒకేసారి చూశారు.

"ఏయ్, మా అమ్మ ఉన్న కారును నువ్వు..."

"నేనే తోయించుకున్నాను" అంది ముసలావిడ అద్దంలోంచి. "ఆయన వద్దన్నాడు. నేనే వినలేదు."

"ఏమైనా జరిగితే ఎవరిదమ్మా పూచీ?"

"గంటసేపు ఒక్కదాన్నే కూర్చోబెడితే ఏమీ జరగదుగానీ, నలుగురి మధ్యకు తోస్తే జరుగుతుందా?"

 మందుల షాపాయన కొడుకు వైపు తిరిగాడు. "ఫిర్యాదేమైనా ఇస్తారా సార్?"

ఇంకొంచెం ఈల పిడికిట్లో పట్టుకుని నేలకేసి చూస్తున్నాడు. కొడుకు తల్లిని చూశాడు, పళ్ళబండిని చూశాడు, తర్వాత ఏడేళ్ళలో మొదటిసారి ఆ ఈల పట్టుకున్న మనిషిని చూశాడు.

"లేదండీ" అన్నాడు.

కారు వెళ్ళిపోయింది. మందుల షాపాయన "ముందు లోపల మనుషులున్నారేమో చూసుకోవయ్యా" అని గొణిగి తన బల్ల వెనక్కి పోయాడు.

మళ్ళీ బుధవారం నీలం కారు వచ్చింది. యజమాని న్యూట్రల్‌లో పెట్టి దిగాడు. రెండడుగులు వేసి ఆగి, "ఎక్కడ పెట్టాలో అమ్మ చెబుతుంది" అన్నాడు. వెనక అద్దం ఈసారి మొత్తం దించి ఉంది. ఇంకొంచెం చేతులు తుడుచుకుని డిక్కీ దగ్గర నిలబడ్డాడు. కొడుకు బ్యాంకు మెట్లెక్కి, తలుపు తోసుకుని లోపలికి పోగానే అతనూ ముసలావిడా ఒకేసారి నోరు విప్పారు.